ఒడిలో నిలబడని కీబోర్డు

మా ఆయన మాటలు రెండుసార్లు పోయాయి.

మొదటిసారి ఆపరేషన్ బల్ల మీద, గొంతుతోపాటు. అది పోతుందని డాక్టరు ముందే చెప్పారు, మా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ పోవడానికి సిద్ధపడ్డాం. సిద్ధపడడానికే ఒక టాబ్లెట్, దానికి తగిలించుకునే కీబోర్డు కొన్నాం. రెండోసారి పోయింది ఆసుపత్రి గదిలో, ఒక మధ్యాహ్నం. ఆయన ఆగి ఆగి, అలసినప్పుడు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి టైపు చేసిందంతా ఒక్క క్షణంలో తెర మీదనుంచి మాయమైంది. దానికి ఎవరమూ సిద్ధంగా లేము.

నేను బడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళేసరికి తెర తెల్లగా ఉంది. ఆయన నా వైపు చూసి, అరచేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చూపించి నవ్వారు. క్లాసులో నల్లబల్ల తుడిచేటప్పుడు ఆయన చెయ్యి అలాగే కదిలేది.

"మళ్ళీ రాయండి. నేను ఎక్కడికీ వెళ్ళను" అన్నాను.

రేపు అన్నట్టు చెయ్యి ఊపారు. మర్నాడు జ్వరం వచ్చింది. ఆ తరువాత స్పృహ లేదు. ఆ తరువాత ఆయనే లేరు.

ఆ మాటలు ఏమిటో నాకు తెలియదు గాని, ఎలా పోయాయో తెలుసు. అన్నయ్యను చూడడానికి వచ్చిన మా ఆడపడుచు, పెద్ద తెర కదా బాగా కనిపిస్తాడని, తన కూతురికి అదే టాబ్లెట్‌లో వీడియో కాల్ చేసింది. చవక రకం టాబ్లెట్. ఒక పని మీద ఉండగా ఇంకో పని చెబితే మొదటిది వదిలేస్తుంది. కాల్ తెరుచుకుంది, వెనక ఆయన రాస్తున్నది మూసుకుపోయింది. అప్పటినుంచి ఆ టాబ్లెట్‌ను బీరువాలో పాత దుప్పటి కింద పెట్టాను. ఆమెతో మాటలు కూడా అక్కడే పెట్టాను.

ఆ మనిషే ఈ ఆదివారం వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ విప్పుతూనే అంది:

"వదినా, ఆ టాబ్లెట్ ఊరికే పడుందిగా. మా చిన్నదానికి ఇవ్వకూడదూ?"

నేను పక్కకు తప్పుకున్నాను. ఆమె లోపలికి వచ్చింది.

మా ఆడపడుచు బట్టలు కుడుతుంది. మార్కెట్ వెనక సందులో చిన్న దుకాణం. కొలతల టేపు ఆదివారం కూడా మెడలోనే ఉంటుంది. మాట్లాడేటప్పుడు దాని కొసను వేలికి చుట్టుకోవడం, విప్పడం అలవాటు. మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది. ఆ ఇంట్లో పెరిగిన ఇద్దరిలో మాటలన్నీ చెల్లెలికి పోయి, తనకు లెక్కలు మిగిలాయని ఆయన అనేవారు. ఊళ్ళో అందరికీ ఆయన లెక్కల మాష్టారు. నేను భాష టీచర్ని. అదే బడి.

"చిన్నది నర్సింగులో చేరింది కదా వదినా. అక్కడ అన్నీ టైపు చేసి ఇమ్మంటున్నారట. ఫోన్‌లో కొట్టి కొట్టి వేళ్ళు పోతున్నాయని ఒకటే గోల. షాపుకు వెళ్తే వాడు సరిగ్గా ఇదే రకం చూపించాడు. ఇంట్లో ఉన్నదాన్ని మళ్ళీ కొనడమెందుకని వచ్చాను."

"అది దానికి పనికిరాదు" అన్నాను.

"ఎందుకు పనికిరాదు?"

ఇవ్వను అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. అనలేదు. లేచి బీరువా తెరిచి, దుప్పటి కిందనుంచి టాబ్లెట్ తీసి, భోజనాల బల్ల మీద పెట్టాను. ఇస్తున్నాననుకుందేమో, ఆమె ముఖం వెలిగింది. నేను దాని కవరును వెనక్కి మడిచి స్టాండులా నిలబెట్టి, అడుగున ఉన్న పిన్నులకు కీబోర్డును తగిలించాను. టక్కుమని అతుక్కుంది. కీబోర్డు మీద మన అక్షరాలు లేకపోవడంతో మా అమ్మాయి చిన్న చిన్న కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి, ఒక్కో బటన్ మీద టేపుతో అతికించింది. వాటిలో సగం ఊడిపోయాయి. ఉన్నవాటి అంచులు ఆయన వేళ్ళ జిడ్డుకు నల్లబడ్డాయి.

"చూడు" అన్నాను. "దీనిలో మంచి ఉంది. కాదనను. తెర బాగుంటుంది, కిటికీ పక్కన కూర్చున్నా అక్షరాలు కనిపిస్తాయి. పొద్దున ఛార్జింగు పెడితే పడుకునేదాకా వస్తుంది. బరువు లేదు. మీ అమ్మాయి సంచిలో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు."

"మరింకేం!"

"ఇంకా ఉంది. బటన్లు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకటి నొక్కితే పక్కది కూడా పడుతుంది. మీ అన్నయ్య మంచినీళ్ళు అడగాలంటే కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టాలి. గ్లాసు ఎదురుగానే ఉండేది. చెయ్యి అందదు."

టేపు చుట్టుకుంటున్న వేలు ఆగింది.

"మీ అమ్మాయికి దాహమేస్తే నోటితో అడుగుతుంది. దానికి పర్వాలేదు. ఇక గొంతు. కొట్టినదాన్ని ఇది చదివి వినిపిస్తుంది. ఉన్నది ఒకటే గొంతు, ఆడ గొంతు. అదీ రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పినట్టుంటుంది. వంటింట్లో పంపు బాగుచెయ్యడానికి ప్లంబరు వచ్చాడు గుర్తుందా? మీ అన్నయ్య అతని వెనక నిలబడి, 'పోయినసారి వేసిన వాషరు వారానికే ఊడింది' అని కొట్టారు. అతను ఉలిక్కిపడి, చుట్టూ చూసి, టాబ్లెట్‌తో 'సారీ మేడమ్' అన్నాడు."

మా ఆడపడుచు ఫక్కున నవ్వింది. "రసీదు కూడా మేడమ్ గారి పేరునే రాశాడుగా!"

ఆ రోజు ఇల్లంతా నవ్వాం. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలు ఊగుతాయి. ఇప్పుడు ఆమె నవ్వుతుంటే నాకు ఒంటికి కారం రాసినట్టుగా ఉంది.

"ఇంకొకటి" అన్నాను. "ఇది రెండు పనులు మొయ్యలేదు. మీ అమ్మాయి పాఠం రాసుకుంటూ ఉంటుంది. మధ్యలో ఎవరో ఒకరు వచ్చి, పెద్ద తెర కదా అని, దానిలో ఫోన్ చేస్తారు. అంతే. రాసిందంతా పోతుంది. మళ్ళీ రాదు."

ఆమె నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, నవ్వు కాకుండా.

"అది నన్నేగా వదినా?"

"నేను టాబ్లెట్ గురించి చెబుతున్నాను."

"చాల్లే. దెప్పడానికి టాబ్లెట్ అడ్డమెందుకు, నోరుందిగా. ఆ రోజునుంచి నువ్వు నాతో సరిగ్గా మాట్లాడావా? ఫోన్ చేస్తే పిల్లకు ఇస్తావు. ఇంటికొస్తే వంటింట్లోకి పోతావు. ఇవ్వనంటే ఇవ్వనని చెప్పు, పోతాను. వంకలు మాత్రం పెట్టకు."

"వంకలు కావు. ఇంకొకటి చూసి చెప్పు."

నేను కుర్చీ వెనక్కి జరిపి కూర్చుని, టాబ్లెట్‌ను కీబోర్డుతో సహా తీసి ఒడిలో పెట్టుకున్నాను. చేతులు వదిలేశాను. కీబోర్డు మధ్యలో కుంగింది. పిన్నులు విడిపోయాయి. వెనక స్టాండు మడతపడిపోయి తెర వెల్లకిలా పడింది. కీబోర్డు నా మోకాలి మీదనుంచి జారి నేలమీద పడింది. ఒక కాగితం ముక్క ఊడి బల్ల కిందికి ఎగిరిపోయింది.

"బల్ల మీద నిలబడుతుంది" అన్నాను. "ఒడిలో నిలబడదు. పరుపు మీద నిలబడదు. షాపులో దీన్ని అద్దాల కౌంటరు మీద పెట్టి చూపిస్తారు. కౌంటరు మీద ఏదైనా నిలబడుతుంది. జబ్బుమనిషి కౌంటరు మీద పడుకోడు."

నా గొంతు పెరగలేదు. నా గొంతు క్లాసులో కూడా పెరగదు. పిల్లలు నాకు భయపడేది అందుకేనని ఆయన అనేవారు.

"ఈ మాట కొనక ముందే చెప్పాను."

చెప్పాను. మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దానికి పరీక్ష పెట్టి మార్కులు వేసేవాళ్ళం. ఫ్రిజ్‌కు వేశాం, ఫ్యాన్లకు వేశాం, అద్దె ఇళ్ళు వెతికినప్పుడు ఇళ్ళకు వేశాం. ఒకసారి మా అమ్మాయికని మా పెద్దనాన్న తెచ్చిన పెళ్ళిసంబంధానికి కూడా ఆయన మార్కులు వేస్తే, పెళ్ళికొడుకు గ్రేసు మార్కులతో కూడా గట్టెక్కలేదు. వంటింటి గోడకు చిన్న నల్లబల్ల ఉంది. ఆయన దాని మధ్యలో గీత గీశారు. ఒక పక్క ఈ టాబ్లెట్. ఇంకో పక్క ల్యాప్‌టాప్‌లాగా మడిచే రకం. దానికి కీబోర్డు గట్టిగా బిగించి ఉంటుంది, ఎక్కడ పెడితే అక్కడ నిలబడుతుంది, కాకపోతే ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. ప్రశ్నలు ఇద్దరం వేశాం. ఒడిలో నిలబడుతుందా అన్నది నా ప్రశ్న. ఈ టాబ్లెట్‌కు సున్నా వేశాను. ఆయన పక్కన చిన్నగా 'బల్ల ఉంది కదా' అని రాశారు.

చివరి ప్రశ్న కూడా నాదే. ఎన్నేళ్ళు మన్నుతుంది? అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే పెట్టాను. ఆయన ఒక్క క్షణం ఆ ప్రశ్న వైపు చూశారు. అప్పటికి గొంతు ఇంకా ఉంది, బొంగురుపోయి, పాత తలుపు చప్పుడులాగా. "ఇది సిలబస్‌లో లేదు టీచరుగారూ" అని, అరచేత్తో తుడిచేశారు.

నేను నవ్వాను. ఆ ప్రశ్న లేకపోయేసరికి ఈ టాబ్లెట్ గట్టెక్కింది.

అయినా ఆయన షాపుకు వెళ్ళే రోజు పొద్దున, మడిచే రకమే తెమ్మని మళ్ళీ చెప్పి నేను బడికి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఇది ఇంట్లో ఉంది. అదేమిటని అడిగితే, చెల్లెలు ఇది చాలంది అన్నారు ఆయన.

ఇంతకాలం నా దగ్గర దాచుకున్నది ఆ మాట. ఇప్పుడు బయటికి తీశాను.

"షాపుకు తోడు వెళ్ళింది నువ్వు. ఇది చాల్లే అన్నయ్యా అన్నది నువ్వు. నీ కొలతలన్నీ గుడ్డకే పనికొస్తాయి. మనిషి ఎలా పడుకుంటాడో, చెయ్యి ఎంత దూరం చాచగలడో నీకు పట్టలేదు. నువ్వు చవకది కొనిపించావు. ఆ చవకదానిలోనే ఫోన్ చేసి, చివరికి ఆయన చెప్పుకున్న నాలుగు మాటలూ తుడిచేశావు. ఇప్పుడు అదే నీ కూతురికి కావాలని వచ్చావు. చెప్పు, ఇవ్వమంటావా?"

మా ఆడపడుచు లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. అరుస్తుందనుకున్నాను. అరవడానికే నోరు తెరిచింది.

"నేనా? నేను చాల్లే అన్నానా? ఎవరన్నారు?"

"మీ అన్నయ్యే అన్నారు."

మెల్లగా కుర్చీలో కూలబడింది.

"నా మీద పెట్టాడా" అంది. "నా మీద పెట్టి పోయాడా? చిన్నప్పుడు అమ్మ దగ్గర పగిలిన గాజుసీసా నా మీద పెట్టినట్టు. పెద్దమనిషి! లెక్కల మాష్టారు! ఎంత తేలిగ్గా తీసేశాడు నన్ను!"

"అయితే నువ్వు అనలేదా?"

"వదినా, నేను రెండోదే తీసుకోమన్నాను. నీ పేరు చెప్పి మరీ అన్నాను. తక్కువైంది నేను వేసుకుంటానన్నాను, దుకాణంలో కొత్త మిషను తర్వాత కొనుక్కుంటానన్నాను. వినలేదు. షాపువాడు ఏడాది గ్యారంటీ అంటుంటే నవ్వాడు. నవ్వి, నా చెవి దగ్గరకు వంగి..." ఆమె టేపును మెడలోనుంచి లాగేసి బల్ల మీద పడేసింది. "ఏడాది దీనికుందే, నాకు లేదు, అన్నాడు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. చివరికి అది అంటుకుని దూరమైపోయింది.

"ఎప్పటి మాట ఇది?"

"చెప్పానుగా, ఇది కొన్న రోజు."

"ఆపరేషన్ కాకముందా?"

"కాకముందే. నీకు పరీక్షల డ్యూటీ పడితే డాక్టరు దగ్గరకు నేను తోడు వెళ్ళాను చూడు, ఆ రోజే తెలిసింది. అప్పటికే క్యాన్సరు ఊపిరితిత్తుల్లోకి దిగిందట. ఆపరేషన్ చేస్తే ఊపిరి సులువుగా ఆడుతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకండి అన్నాడు డాక్టరు. బయటికొచ్చాక అన్నయ్య మెట్ల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. మీ వదినకు చెప్పకు, చెబితే రోజూ పొద్దున్నే నా ముఖంలో తేదీ వెతుకుతుంది అన్నాడు. నేనేం చెయ్యను వదినా? అన్న అడిగాడు. చచ్చిపోయే అన్న."

నాకు కోపం వచ్చింది.

ఈ మాట ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. అంతవరకు ఉన్న కోపం ఎదురుగా కూర్చున్న మనిషి మీద. దానికి ఒక ఆకారం ఉంది, కొలతల టేపు ఉంది. ఇప్పుడు వచ్చిన కోపం ఎదురుగా లేని మనిషి మీద. వంటింటి గోడ వైపు చూశాను. నల్లబల్ల ఇంకా అక్కడే ఉంది. దాని ముందు నిలబడి, నా కళ్ళ ఎదుట, తన ఆయుష్షును అరచేత్తో తుడిచేసి నన్ను నవ్వించాడు. చేతికి అంటిన సుద్దపొడిని నా ముక్కుకు రాశాడు. నేను నవ్వాను. పెళ్ళయిన నాటినుంచి ఆయన గురించి మనసులోనైనా 'డు' అని అనుకోవడం అదే మొదటిసారి. దిద్దుకోవాలనిపించలేదు.

"నన్ను కూర్చోబెట్టి మార్కులు వేయించారు" అన్నాను. "జవాబు ముందే తెలిసిన పరీక్షకు. నేను పిచ్చిదానిలాగా ఎన్నేళ్ళు మన్నుతుందని అడిగాను."

"వదినా..."

"ఆయన ఎన్నాళ్ళు ఉంటారో నీకు తెలుసు, డాక్టరుకు తెలుసు, షాపు కౌంటరుకు తెలుసు. నాకు తెలియదు. నేను రోజూ బడికి వెళ్ళాను. సెలవు పెట్టలేదు. వేసవి సెలవులకు కలుపుకుని దగ్గరుండి చూసుకోవచ్చని నా సెలవులన్నీ దాచుకున్నాను. అర్థమవుతోందా? ఆయనతో గడపడానికి దాచుకున్నాను. ఇప్పుడు అవన్నీ నా దగ్గరే ఉన్నాయి. మీ ఇద్దరూ కలిసి నాకు మిగిల్చినవి అవి."

ఆమె తల దించుకుని ఉంది. కన్నీళ్ళు తుడుచుకోవడం లేదు, గడ్డం దగ్గరనుంచి టేపు మీద పడుతున్నాయి. "మేమిద్దరమే కాదు వదినా" అంది. అని, అన్నందుకు పెదవి కొరుక్కుంది.

"ఇంకెవరు?"

"వదిలెయ్. నోరు జారాను."

"జారిందేదో జారింది. ఎవరు?"

మా అమ్మాయిని ఇంట్లో పిట్ట అంటాం. ఆయన పెట్టిన పేరే. మాటలు వచ్చినప్పటినుంచి నోరు మూయలేదు. ఇంట్లో ఒక మాట పుడితే పిట్ట నోట పడి వీధి చివరికి చేరేది. దానికి తెలియకుండా దానికి బట్టలు కూడా కొనలేకపోయేవాళ్ళం. కాలేజీకి వచ్చాక కూడా అంతే. ఆదివారాలు నాలుగు వీధుల అవతల పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఇప్పుడూ అక్కడే ఉంది.

"పిట్ట షాపులో గొడవ పెట్టుకుంది" అంది మా ఆడపడుచు. "అమ్మ చెప్పిందే కొనాలి, లేకపోతే నేను కదలనని కౌంటరు దగ్గర మొండికేసింది. అన్నయ్య దాన్ని బయటికి తీసుకెళ్ళాడు. అద్దంలోనుంచి కనిపిస్తూనే ఉన్నారు. ఏదో చెప్పాడు. అది కాసేపు రోడ్డు వైపు తిరిగి నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, ఇదే ప్యాక్ చెయ్యండి అంది. అంతే. దారి పొడుగునా ఒక్క మాట లేదు. పిట్ట!"

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. నేను వచ్చేసరికి పిట్ట నేలమీద కూర్చుని కాగితం ముక్కలు కత్తిరిస్తోంది. అక్షరాలు రాసి బటన్ల మీద అతికిస్తోంది. చవకది తెచ్చారని నేను విసుక్కుంటే, "వచ్చే ఏడు మంచిది కొందాంలే అమ్మా, దీన్ని అత్తకిచ్చేద్దాం, ఏం నాన్నా?" అంది. ఆయన సరేనని తల ఊపారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను అది గమనించి కూడా, కత్తెర పదునుగా ఉంది చూసుకో అన్నాను.

"నా పని అయ్యాక చిన్నదానికి తీసుకో అని అన్నయ్య నాతోనూ అన్నాడు" అంది ఆమె. "అందుకే వచ్చాను. లేకపోతే ఆ రోజు తర్వాత నీ గడప తొక్కే ముఖమా నాది? ఇప్పుడు వద్దులే. నాకొద్దు ఇది."

ఆమె లేవబోయింది. నేను కూర్చోమన్నాను. నేలమీద పడిన కీబోర్డు వైపే చూస్తున్నాను.

"ఆ మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేద్దామని తీసుకున్నప్పుడు, తెర మీద ఏముందో చదివావా?"

"లేదు వదినా, ఒట్టు. నా కళ్ళజోడు దుకాణంలో ఉండిపోయింది. ఒక్క నిమిషం ఇవ్వన్నయ్యా అని లాక్కున్నాను, అంతే. ఆ లాక్కోవడమే నన్ను తినేస్తోంది."

"అప్పుడు ఆయన ఎలా ఉన్నారు? కూర్చునా, పడుకునా?"

"పడుకునే. దిండు ఎత్తుగా పెట్టారు."

"కీబోర్డు ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, పొట్ట మీద."

"పొట్ట మీద నిలబడదు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది.

"ఇప్పుడే చూశావు కదా. నిలబడదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, కింద అరచెయ్యి పెట్టి పట్టుకోవాలి. నేను ఎన్నోసార్లు పట్టుకున్నాను. పట్టుకున్నవాళ్ళకు తెర ఎదురుగానే ఉంటుంది, చూడకుండా ఉండలేరు. ఆయన ఒక్క ముక్క గుట్టుగా రాయలేకపోయేవారు. మా తల్లీకూతుళ్ళ మీద చాడీలు రాసుకోవాలంటే మా చెయ్యే కావాలని ఏడిపించేవాళ్ళం. ఆ మధ్యాహ్నమంతా ఆయన టైపు చేశారు. నేను బడిలో ఉన్నాను. పట్టుకున్నది ఎవరు?"

"నర్సేమో."

"మధ్యాహ్నమంతా నర్సు కూర్చోదు. మీ అమ్మాయినే అడుగు, చెబుతుంది."

మా ఆడపడుచు కళ్ళు మూసుకుంది. ఆ గదిని మళ్ళీ చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"పిట్ట" అంది చివరికి. "కుర్చీ మంచానికి ఆనించుకుని కూర్చుంది. నన్ను చూడగానే ముఖం తిప్పుకుంది. నేను టాబ్లెట్ తీసుకోగానే లేచి బయటికి వెళ్ళింది. ముఖం కడుక్కుంటానంది."

ఆ రోజు నేను ఆసుపత్రికి వెళ్ళిన కాసేపటికి, మా ఆడపడుచు వెళ్ళిపోయాక, పిట్ట వచ్చింది. భుజాన కాలేజీ సంచి ఉంది. ముఖం తడిగా ఉంది. ఇప్పుడే క్లాసు అయింది, బస్సులో ఒకటే ఉక్క అమ్మా అంది. తెర తెల్లగా ఉందని, నాన్న రాసిందంతా పోయిందని నేను చెబితే, "అయ్యో, ఏం రాశాడో" అంది. నా పక్కన కూర్చుని నాతోపాటు ఏడ్చింది.

గేటు చప్పుడైంది.

"అత్తా! నీ చెప్పులు చూసి అనుకున్నాను!" పిట్ట గొంతు దానికంటే ముందే గదిలోకి వచ్చింది. "ఎప్పుడొచ్చావు? టీ అయినా పెట్టిందా మా అమ్మ, లేకపోతే హోంవర్కు చేశావా అని అడుగుతోందా? ఇవాళ ఆ చిన్న రాక్షసుడు ఏం చేశాడో తెలుసా, లెక్క తప్పయితే తప్పు నాది కాదు, పెన్నుది అంటాడు..."

గుమ్మం దాటి, ఆగింది. బల్ల మీద టాబ్లెట్ చూసింది. టేపు చూసింది. అత్త ముఖం చూసింది. నా ముఖం వైపు చూడలేదు.

మా ఆడపడుచు లేచి, సంచి తీసుకుని, "వస్తాను వదినా" అంది. ఉండమని నేను అనలేదు. టేపు మరిచిపోయి వెళ్ళింది.

పిట్ట వంగి నేలమీద ఉన్న కీబోర్డును తీసింది. ఊడిన కాగితం ముక్క కోసం బల్ల కింద వెతికి, దొరికించుకుని, గోటితో అంచు నొక్కి మళ్ళీ అతికించింది. టాబ్లెట్‌ను లేపి పిన్నులకు తగిలించింది. బల్ల మీదే ఉంది, ఎవరూ పట్టుకోనక్కర్లేదు. అయినా పిట్ట ఎడమ అరచెయ్యి దానంతట అదే కీబోర్డు కిందికి వెళ్ళి, పైకి తిరిగి, అక్కడ ఆగింది.

ఆయన ఆ మధ్యాహ్నం ఏం రాశారని నేను పిట్టను ఇంకా అడగలేదు.